ప్లైవుడ్ పెట్టెకు మూడో తలుపు

మొన్న ఆఫీసు వేళ లోకల్ రైలెక్కాక చూసుకుంటే, నా చీర కుచ్చిళ్ళు చెక్కు చెదరలేదు. ఇదంతా మా బాబాయి చలవేనని పక్కావిడకు చెబుదామనుకున్నాను. ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర పొద్దున్నే గొప్పలెందుకని ఊరుకున్నాను.

బాబాయి రైలు పెట్టెల ఇంజనీరు. కొత్త లోకల్ రైళ్ళకు ఎలాంటి పెట్టెలు కొనాలో తేల్చే పని ఆయన నెత్తిన పడింది. పెట్టెకు ఒక్కో పక్క రెండు తలుపులా, మూడా అన్నదే తగువు. రెండైతే సీట్లు ఎక్కువ పడతాయి, మూడైతే ఎక్కడం దిగడం సులువు. మోకాళ్ళ నొప్పుల మనిషి కదా, బాబాయి మనసంతా సీట్ల మీదే ఉండేది. కానీ రైలు ఆగేది అర నిమిషం. ఈలోగా జనం దిగడం, ఎక్కడం అయిపోకపోతే వెనక వచ్చే రైళ్ళన్నీ ఆలస్యమే. ఒకసారి కొన్న పెట్టెలు ఒక తరం నడుస్తాయి, తప్పు చేస్తే దిద్దుకునే వీలుండదు. ఆ బెంగతో ఆయనకు అన్నం సయించేది కాదు. చివరికి జూబ్లీహిల్స్‌లో తన పక్కింట్లో ఉండే ఆర్ట్ డైరెక్టర్‌ని బతిమాలి, ఫిల్మ్‌నగర్ షెడ్డులో ప్లైవుడ్‌తో రెండు తలుపుల పెట్టె సెట్ వేయించాడు.

ప్రయాణికులుగా జూనియర్ ఆర్టిస్టులను పిలిచారు. ఫిల్మ్‌నగర్‌లో ఇంకెవరిని పిలుస్తారు? స్టాప్‌వాచీ నా చేతికిచ్చారు. యాక్షన్ అనగానే వాళ్ళు ఒకరి భుజం ఒకరికి తగలకుండా, కెమెరాకు అడ్డు రానట్టు వరసగా దిగారు, ఎక్కారు. అర నిమిషంలో ఇంకా బోలెడు మిగిలింది. బాబాయి పొంగిపోయి రెండు తలుపులే చాలని రిపోర్టు మీద సంతకం కూడా పెట్టేశాడు.

అందరికీ భోజనం తెచ్చిన మా వంటావిడ ఒక మూల నిలబడి ఇదంతా చూసింది. రహమత్ నగర్ మనిషి, మునుపు లింగంపల్లి వైపు పనికి రోజూ లోకల్‌లో వెళ్ళేది.

“గిట్ల ఎవరెక్కుతరు సార్? దిగెటోళ్ళు దిగకముందే మేం ఎక్కుతం. జర మా బస్తీవోళ్ళను ఎక్కనీయుండ్రి,” అంది.

మర్నాడు టిఫిన్ డబ్బాలు, పూలబుట్టలు, చంకన పిల్లలతో సగం బస్తీ దిగింది. విజిల్ వేయగానే దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ గుమ్మంలోనే ఢీకొన్నారు. అర నిమిషం అయ్యేసరికి సగంమంది బయటే ఉన్నారు, ఒక తలుపు చట్రం ఊడి పూలావిడ చేతికొచ్చింది. నాకు నవ్వాగలేదు. బాబాయి మాత్రం నవ్వలేదు. వడ్రంగిని పిలిచి, నడిమి సీట్లు పీకించి అక్కడ మూడో తలుపు కోయించాడు. ఈసారి విజిల్ వేస్తే అర నిమిషానికి బయట ఒక్కరూ మిగల్లేదు.

సంతకం పెట్టిన రిపోర్టు మార్చడమేమిటని మీటింగులో పెద్దలు నిలదీశారట. “తప్పు నాదేనండీ. నటించేవాళ్ళను చూసి ప్రయాణికులనుకున్నాను,” అన్నాడట బాబాయి. ఆ తప్పు పట్టింది వంటావిడేనని కొత్త రిపోర్టులో రాశాడు కూడా. అంత చదువుకుని అంత తేలిగ్గా తప్పు ఒప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కొత్త రైలు వచ్చాక ఒకసారి నాతోపాటు ఎక్కాడు. సీటు దొరకలేదు. మోకాళ్ళు రుద్దుకుంటూ, “నేను పీకించిన సీటేగా,” అని మురిసిపోయాడు. మొన్న కూడా రైలు అర నిమిషానికే కదిలింది. ఆ అర నిమిషం కోసం ఆయన తన మాట వదులుకున్నాడు. నేను రోజూ వేళకు చేరుతున్నాను.