మూడో పిల్లకు మంచి మేత

మా రొయ్యల గుంటల దగ్గరి షెడ్డులో వరసగా రెండు కుక్కపిల్లలు చనిపోయాయి. ఒకటి ఎండాకాలం రొయ్యల పంటప్పుడు పోయింది, ఇంకొకటి వానలు మొదలయ్యాక. రెండూ ఒకేలా పోయాయి. ఒక పూట తిండి మానేశాయి, మర్నాడు వాంతులు, విరేచనాలు, మూడో రోజుకి లేవలేదు. తప్పంతా తిండిదేనని నేను తేల్చేశాను. తేల్చేయడంలో నాకు ఆలస్యం ఉండదు. మా ఇంట్లో అందరూ ఈ మాట అంటారు, నేను కాదనను.

వాకాడు అవతల, సముద్రపు గాలి తగిలే చోట మావి రెండు గుంటలు. మా ఆయనకు కృష్ణపట్నంలో షిఫ్టు డ్యూటీ, వారానికోసారి వస్తారు. రొయ్యలకు మేత, మందులు, నీళ్ల సంగతి అంతా నాదే. గట్టు మీది షెడ్డులో మేత బస్తాలు, మోటార్లు, ఒక మంచం. ఆ మంచం కాపలా ఉండే పెద్దాయనది. పక్క పాలెం మనిషి, వయసు మీద పడి సముద్రం మీద వేట మానేశాక మా దగ్గర చేరాడు. నేను అన్నా అంటాను, ఆయన నన్ను అమ్మా అంటాడు. కరెంటు వైర్లు కోసుకుపోయే దొంగల భయం ఉంది కాబట్టి ఆయనకు తోడు ఒక కుక్క ఉండాలి.

ఆయన కుక్కపిల్లలకు పెట్టేది నూకలన్నం, అందులో ఉడికిన చేప తలకాయలు, మిగిలితే కాస్త పులుసు. రెండోదాన్ని గట్టు అవతల పూడ్చిపెట్టి వచ్చిన రోజు ఆయన్ని నిలబెట్టి కడిగేశాను.

"కారం పులుసు పోసి పెంచితే పసికూన కడుపు తట్టుకుంటాదా అన్నా? ముల్లు గుచ్చుకున్నా మనకు తెలుస్తాదా?"

"నేను తినేదే గదమ్మా దానికీ పెట్టినా."

"నువ్వు తింటే నీకు అరుగుతాది. దానికి అరిగిందా?"

ఆయన తల వంచుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టేనని నేను అనుకున్నాను.

పదిహేను రోజులకు ఆయనే మూడో పిల్లను తెచ్చాడు. వాళ్ల ఇంటి ముందు ఉండే కుక్క ఈనిన పిల్లల్లో ఒకటి, గోధుమ రంగు, కాళ్ల చివర తెలుపు. రెండు నెలలు కూడా నిండలేదు. పాత పిల్లలు పడుకున్న గోనెపట్టానే దులిపి దాన్ని పడుకోబెట్టాము. దాని తిండి బాధ్యత నాదని చెప్పి అదే రోజు గూడూరులో కుక్కల మేత అమ్మే కొట్టుకు వెళ్లాను.

బస్తా వెనక ఏం రాసి ఉందో చదవకుండా నేను రొయ్యకు గుప్పెడు మేత వేయను. ఆ కొట్టులోనూ అంతే. ప్యాకెట్లన్నీ తిప్పి తిప్పి మాంసకృత్తులు ఎంత, కొవ్వు ఎంత, పీచు ఎంత అని చూస్తుంటే కొట్టతను విసుక్కున్నాడు. చివరికి కోడి మాంసం, గుడ్డు కలిపి చిన్న కుక్కపిల్లల కోసమే చేసిన రకం, ఉన్నవాటిలో మంచిది తెచ్చాను.

రొయ్య పెరిగేకొద్దీ ఒక నంబరు మేత నుంచి పెద్ద గింజ ఉండే పై నంబరుకు మారేటప్పుడు మేము ఒక్కరోజులో మార్చం. పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ నాలుగైదు రోజులు కలిపి వేస్తాం. లేకపోతే అది మేత ముట్టదు, కడుపు ఖాళీ అవుతుంది. కుక్కపిల్లకు ఇంకా నెమ్మదిగా, పది రోజుల్లో మార్చాలని లెక్క వేసుకున్నాను. షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాశాను. మొదట మూడు పాళ్లు ఆయన వండిన అన్నం, చేప, ఒక పాలు కొత్తది. తర్వాత సగం సగం. ఆ తర్వాత మూడు పాళ్లు కొత్తది. గింజలు గోరువెచ్చటి నీళ్లలో నానాలి. పులుసు బొట్టు పడకూడదు. టీకా సంగతి గుర్తుంది, కానీ ఈ మార్పు అయ్యాక వేయిద్దాం, రెండూ ఒకేసారి ఎందుకని వాయిదా వేశాను.

నాలుగు రోజులు గిన్నె నాకి పెట్టింది. నేను గోడ మీది రాత చూసుకుని మురిసిపోయాను. ఆ రోజుల్లోనే మబ్బు పట్టి గాలి ఆగిపోయింది. గాలి ఆగితే గుంటలో రొయ్యకు ఊపిరాడదు, మాకు గుండెల్లో రాయి పడుతుంది. నీళ్లు చిలికే యంత్రాలన్నీ పగలంతా తిరుగుతూనే ఉన్నాయి. ఆ మోతలో కుక్కపిల్ల అరుపు వినపడటం లేదని అనుకున్నాను. నిజానికి అది అరవడం తగ్గించింది.

ఐదో రోజు సగం తిండి వదిలేసింది. గుంటలో అయితే, రొయ్య ఎంత తిందో చూడటానికి దించే చెక్ ట్రేలో మేత మిగిలితే మర్నాడు తగ్గిస్తాం. ఇక్కడా అదే చేశాను, కొత్త మేత పాలు తగ్గించాను. ఆరో రోజు పొద్దున నేను వెళ్లేసరికి పిల్ల గోడకు ముఖం పెట్టి పడుకుని ఉంది. మూల వాంతి, పక్కన నీళ్ల విరేచనం. పెద్దాయన మంచం దగ్గరే నిలబడి ఉన్నాడు, దగ్గరికి రాలేదు.

"మేత మారింది గదా, మామూలే," అన్నాను.

"ఇది మేతది కాదమ్మా. ఆ రెండూ ఇట్టానే చేసినాయి. వాసన చూడు, అదే వాసన."

"ఆ రెండింటికీ నీ పులుసు. దీనికి మార్పు పడలా, అంతే. ఒక్క రోజు పెరుగన్నం పెట్టి చూద్దాం."

పెరుగన్నం తెచ్చి పెడితే అది వాసన కూడా చూడలేదు. ఆ రోజు ఆగాను. నా జీవితంలో వెనక్కి తెచ్చుకోవాలనిపించే రోజులు కొన్ని ఉన్నాయి, వాటిలో అదొకటి.

ఏడో రోజు పొద్దున విరేచనంలో నెత్తురు కనపడింది. తువ్వాలులో చుట్టుకుని ఆటోలో గూడూరు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, తొణక్కుండా పని చేసుకుపోయే రకం. సెలైన్ ఎక్కిస్తూనే అడిగింది.

"టీకా వేయించారా?"

"లేదు. మేత మారుస్తున్నాం, అదయ్యాక వేయిద్దామని."

"ఇది ఉండే చోట ఇంతకు ముందు పిల్లలేమైనా చనిపోయాయా?"

"రెండు."

"వాటి తర్వాత ఆ చోటు ఏం చేశారు?"

"ఊడ్చాము."

ఇది పార్వో అనే వైరస్ అని, ఒకసారి పడితే నేలలో నెలల తరబడి బతికే ఉంటుందని చెప్పింది. "తిండి తప్పేం లేదండీ. పాతదీ తప్పు కాదు, కొత్తదీ తప్పు కాదు," అంది.

నాకు ముందు సిగ్గేసింది, తర్వాత భయమేసింది. వైరస్ తగిలిన గుంటను మేము ఏం చేస్తామో ఈ తీరంలో ఎవరిని అడిగినా చెబుతారు. నీళ్లకు బ్లీచింగ్ కొట్టి, ఖాళీ చేసి, నేల నెర్రెలిచ్చే దాకా ఎండబెట్టి, సున్నం చల్లి, ఆగి, ఆ తర్వాతే కొత్త రొయ్యపిల్ల వేస్తాం. పక్క గుంట వాళ్లు తొందరపడి ముందే వేస్తే వాళ్లకు బుద్ధి లేదని మొదట అనేది నేనే. అలాంటి నేను, చచ్చిన పిల్ల పడుకున్న గోనె దులిపి దాని మీదే ఇంకో పిల్లను పడుకోబెట్టాను. దాని గిన్నెలోనే మంచి మేత పోసి, లెక్క గోడ మీద రాసుకున్నాను.

రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు మధ్యాహ్నం అది నా చేతి కిందే పోయింది. అక్కడ అందరూ చూస్తుండగానే ఏడ్చాను. పెద్దాయనకు ఫోన్ చేసి పోయిందని మాత్రం చెప్పాను. ఎందుకు పోయిందో చెప్పలేదు. ఇలాంటివి ఫోన్లో చెప్పకూడదని నాకు నేను చెప్పుకున్నాను, అసలు సంగతి, చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు పొద్దున బ్లీచింగ్ బస్తా ఆటోలో వేసుకుని గుంటల దగ్గరికి వెళ్లాను. షెడ్డులో గోనె మీద ఇంకో కుక్కపిల్ల ఉంది. అదే రంగు, అదే తల్లి పిల్ల. నా ఫోన్ అయ్యాక ఆయనే పాలెం వెళ్లి తెచ్చాడు. అది గిన్నెలో మూతి పెట్టి గబగబా తింటోంది. ఆయన లేచి నిలబడి గోడ మీది రాత చూపించాడు.

"నువ్వు రాసిందాని ప్రకారమే కలిపినానమ్మా. మూడు పాళ్లు పాతది, ఒక పాలు కొత్తది. పులుసు తాకించలా. ముళ్లు గూడా ఏరేసినా. ఈసారి నా చేతిలో పోదు."

నేను ఆ పిల్లను గిన్నె ముందు నుంచి ఎత్తుకున్నాను.

"తప్పు కలిపినానా?" అన్నాడు.

"నీ తిండి కాదన్నా. ఈ నేల. ఈ గోనె. జబ్బు ఇక్కడ ఉండాది."

"మరి ఆ రెండూ?"

"అవీ అంతే. నీ చేతి తిండితో ఏదీ పోలా. నేనే తెలియక నిన్ను అనేసినా."

ఆయన వంగి గిన్నె తీసి గోడ వారగా పెట్టాడు. నేను అన్న మాట చాలలేదని నాకు తెలుసు. కానీ అంతకంటే పెద్ద మాట నాకు దొరకలేదు. అదే ఆటో ఎక్కి పిల్లతో మళ్లీ గూడూరు వెళ్లాను.

డాక్టరమ్మ టీకా వేసింది. ఆ నేల మీద అప్పటికే ఒక పూట గడిపింది కాబట్టి పది రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేనంది. ఆ పది రోజులు తిండి మాత్రం మార్చొద్దంది, ఏమైనా తేడా వస్తే వెంటనే తెలియాలి కదా. దాన్ని మా ఇంటి వసారాలో ఉంచాను. రోజూ పొద్దున తలుపు తీయడానికి చేయి వచ్చేది కాదు. ముందు గిన్నె చూసేదాన్ని, తర్వాత దాన్ని. ఆరో రోజు మూడు ముద్దలు మిగిల్చింది. ఆ రోజు నాకూ అన్నం దిగలేదు. సాయంత్రానికి వచ్చి ఆ మూడూ తినేసింది. పది రోజులు గడిచాయి, అది బతికింది.

ఈలోగా గోనె తగలబెట్టించి, గిన్నె పూడ్చిపెట్టించాను. షెడ్డు నేల తవ్వించి, బ్లీచింగ్ కొట్టి, కొత్త మట్టి వేసి గట్టిగా దిమ్మిస కొట్టించాను. టీకాలన్నీ అయ్యాక కుక్కను గట్టు మీదికి తీసుకెళ్లాము. ఇప్పుడది పూర్తిగా మంచి మేత మీద ఉంది, నెమ్మదిగా మార్చాను, కడుపు ఒక్కసారి కూడా చెడలేదు. పెద్దాయన దాన్ని తిప్పుతాడు, స్నానం చేయిస్తాడు, దానితో మాట్లాడతాడు. తిండి మాత్రం పెట్టడు. మేత డబ్బా ఆయన మంచం పక్కనే ఉంటుంది. "నువ్వే వచ్చి పెట్టమ్మా, నా చెయ్యి వద్దు," అంటాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

మొన్న వాయుగుండం పట్టి రోడ్డు మీద నీళ్లు నిలిచాయి. నేను గట్టు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కుక్క ఆకలికి గొలుసు గుంజుతోంది. డబ్బా మూత వేసినట్టే ఉంది. మంచం మీద ఉన్న తన అన్నం క్యారియర్ కూడా ఆయన తీయలేదు.

"నువ్వన్నా తినలేకపోయినావా అన్నా?"

"దానికి పెట్టకుండా నేనెట్టా తినేదమ్మా?"

గింజలు నానబెట్టి గిన్నెలో పోసి కుక్క ముందు పెట్టాను. అది తినడం అయ్యేదాకా ఆయన దూరం నుంచే చూశాడు. ఆ తర్వాత క్యారియర్ తీసి తినడం మొదలుపెట్టాడు.