లాండ్రీ గొట్టానికి పెట్టిన కుళాయి

నా అక్షరాలు వంకరగా ఉంటాయి. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. అచ్చు వేసేవారు తప్పులు దిద్దుకోవాలి, చదివేవారు మన్నించాలి. మా పెదమావయ్య పోయారు. మంగళవారం పొద్దున్న టీ తాగి, గ్లాసు కింద పెట్టి, దుప్పటి భుజాల మీదికి లాక్కుని గోడకు ఆనుకుని కూర్చున్నారు. గ్లాసు తీయడానికి వెళ్లేసరికి లేరు. పెద్దకర్మ రోజున పంచే చిన్న పుస్తకంలో ఇంటివాళ్లు ఎవరైనా ఒకరు రాయాలన్నారు. మా ఇంట్లో మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన చెబుతుండగా ఒకసారి కాగితం మీద పెట్టినదాన్ని నేనే కాబట్టి ఇదీ నన్నే రాయమన్నారు.

ఆయన మా మావగారి అన్నయ్య. కోల్‌కతా వైపు రైల్వే ఊరు నిమ్‌పురాలో మా పక్క గదిలో ఉండేవారు. భోజనం మా ఇంట్లోనే. ఒక సర్కారు ఆసుపత్రిలో బాయిలర్ దగ్గర పని ఆయనది. బొగ్గు వేసి నీళ్లు కాచి, ఆ వేడినీళ్లు గొట్టాల్లో వంటగదికీ, ఆపరేషన్ గదికీ, దుప్పట్లు ఉతికే లాండ్రీకీ పంపాలి. రిటైరైపోయినా ఆ పాత బాయిలర్ అలకలు తెలిసినవాళ్లు ఇంకొకరు లేక, ఏడాదికోసారి కాగితం రాసి మళ్లీ ఆయన్నే పెట్టుకునేవారు.

నేను శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆయనకు కనబడకుండా తిరిగేదాన్ని. తలుపు చాటు నుంచే గ్లాసు అందించేదాన్ని. ఆయన చూడనట్టే తీసుకుని, "గోడకి సేతులొచ్చినాయిరా, టీ ఇత్తంది" అనేవారు. లోపల నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

మా అమ్మాయి ఆ ఆసుపత్రిలోనే పుట్టింది. పుష్యమాసం. వార్డులో కుళాయి తిప్పితే నీళ్లు చేతిని కొరికేవి. బాలింతకు మరిగే నీళ్లు పోయకపోతే ఒళ్లు గుల్లవుతుందని మావాళ్ల నమ్మకం. మా అత్త నర్సుల మీద పడింది. "పచ్చి బాలింతకి సన్నీల్లేటమ్మా? సంపేత్తారేటి?" అంది. వాళ్లు మాత్రం ఏం చేస్తారు? బాలింతలకు వేడినీళ్లివ్వాలని ఏ కాగితంలోనూ లేదు.

మర్నాడు తెల్లవారుతుండగా మా అత్త పొగలు కక్కే బకెట్టు మోసుకొచ్చింది. బాయిలర్ గది వెనక, గోనెసంచి వేలాడదీసిన చోట ఒక ఇత్తడి కుళాయి ఉందట. అక్కడ చుట్టుపక్కల సాలువా నుంచి వచ్చినవాళ్లు, సుభాష్‌పల్లి వాళ్లు, ఒడియావాళ్లు, అందరూ బకెట్లతో వరసలో ఉన్నారట. పెదమావయ్య వార్డు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా కేకేశారు. "మరదలా, ఆగాగు. సెయ్యి పెట్టి సూసినావా?"

"పొగలు కనబడ్డం నేదేటి?"

"పొగని సూసి కాదు. సెయ్యి పెట్టి సూడకండా ఎవరి మీదా నీల్లు పొయ్యకు."

ఆ మాట ఆయన కుళాయి దగ్గర ప్రతివాళ్లకూ చెప్పేవారట, వాళ్ల వాళ్ల భాషలో. మోచేతి దాకా ముంచి చూపించేవారట.

ఆ కుళాయి సంగతి ఒక్కసారే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలావిడ కూతురి స్నానానికి చెంబెడు వేడినీళ్లు అడిగింది. ఆర్డరు లేదని ఈయన పంపేశారు. ఆవిడ బాయిలర్ లోంచి లాగిపోసిన నిప్పుల బూడిదలో చెంబు పెట్టి కాచుకోబోయి చెయ్యి కాల్చుకుంది. మర్నాడు ఈయన లాండ్రీకి పోయే గొట్టానికి కన్నం వేసి కుళాయి బిగించారు. ఎవరినీ అడగలేదు. ముప్పై ఏళ్ల పైమాటే. "సంచి కప్పినాను గాని, లోపల సిగ్గు ఒగటి ఉండిపోయింది" అన్నారు. సిగ్గు కుళాయి పెట్టినందుకా, ముందురోజు పెట్టనందుకా అని నేను అడగలేదు.

రెండేళ్ల కిందట సర్కారు ఒక గ్రాంటు ఇచ్చింది. సర్కారువారి భవనాల్లో బొగ్గూ డీజిలూ తగలబెట్టకుండా, పొగ తగ్గించి, గదులు వెచ్చచెయ్యడమో నీళ్లు కాచుకోవడమో ఎలాగో ఆలోచించి ప్లాను గీయించుకోవడానికి. యంత్రాలు కొనడానికి కాదు, ప్లానుకు మాత్రమే. పెదమావయ్య అన్నం తింటూ నవ్వారు.

"ఇల్లు కట్టడానికి కాదంట. ఇల్లెలాగ కట్టాలో ఆలోసించడానికంట!"

"ఆలోసించడానికీ డబ్బులిత్తారేటి?" అంది మా అత్త. "అయితే నాకూ ఇమ్మను బావా. పొద్దత్తమానం ఆలోసిత్తానే ఉంటాను."

"నువ్వాలోసించేది పక్కింటోల్ల గురించి. దానికి గ్రాంటు నేదు."

ఆయనకు ఆ ప్లాను ఇష్టమే. ఆసుపత్రి కప్పు మీద ఎండతో కాగే పలకలు, గాలిలోని వేడిని లాగి నీళ్లకిచ్చే యంత్రం వస్తాయని విని, "నా గుండెల్లో ఎంత బొగ్గుందో దగ్గితే తెలుస్తాది. నా ఎనకాల వచ్చేవోడికి ఇది వద్దు" అన్నారు.

కొలతలకు కోల్‌కతా నుంచి ఒక ఇంజినీరు అమ్మాయి వచ్చింది. ఈయన ఆవిడను దీదీ అనేవారు, ఆవిడ ఈయన్ని దాదూ, అంటే తాతయ్యా, అనేది. గొట్టాలను కోయకుండా పైన పట్టీలా బిగించే మీటర్లు పెట్టింది. వారం రోజులు ఏ గొట్టంలో ఎంత వేడినీరు పోతుందో అంతే ప్లానులోకి వస్తుంది. ప్లానులో లేని నీళ్లు రేపటి యంత్రంలోనూ ఉండవు. ఇది ఆవిడే విడమరిచి చెప్పిందట.

మూడోరోజు ఆవిడ ఆసుపత్రి ఆఫీసరు ఎదుటే అడిగింది. "దాదూ, లాండ్రీ ఎనిమిదికి కదా తెరుస్తారు? మరి ఐదు నుంచి ఆరున్నర దాకా ఆ గొట్టంలో ఇన్ని నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?"

"లీకేజ్, దీదీ. పురానా పైప్ హై" అనేశారు పెదమావయ్య.

ఆవిడ సంతోషపడింది. లీకు కట్టేస్తే చాలు, ఇంకా చిన్న యంత్రం సరిపోతుందని రాసుకుంది. ఆఫీసరు కూడా తలూపాడు.

రాత్రి భోజనాల దగ్గర ఆయన ఇదంతా చెప్పి, "ఏటి సెయ్యను? ఆఫీసరు పక్కనే ఉన్నాడు. ఇన్నాల్లూ దాసి ఇప్పుడు సెప్తే దొంగ కుళాయి అంటారు. ఉన్న పనీ పోతాది" అన్నారు. నేను మజ్జిగ పట్టుకుని నిలబడ్డాను. పెళ్లయి వచ్చాక ఆయనతో నేను ముందుగా మాట్లాడింది లేదు. ఆ రోజు ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది.

"మరి నాకు పోసినయ్యి లీకు నీల్లేనా మావయ్యా?"

ఆయన మజ్జిగ వద్దని లేచి చెయ్యి కడుక్కున్నారు. మా అత్త నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోముతూ ఏడ్చాను. ఆయన కూడు తినకుండా లేచిపోవడం అంతకుముందు చూడలేదు.

మర్నాడు పొద్దున్న గుమ్మంలో నిలబడి పిలిచారు. "అమ్మీ, కాగితం కలం పట్టుకురా."

"ఏటి రాయమంటారు?"

"నాను సెప్పినట్టు రాయి. అందం సెయ్యకు."

రాశాను. ఆయనకు సంతకం తప్ప రాయడం రాదు. నా చేతిరాతలో ఆయన మాటలు ఇవి: ఆ నీళ్లు లీకు కాదు, అబద్ధమాడినాను. లాండ్రీ గొట్టానికి కుళాయి నేనే పెట్టినాను. ఎవరినీ అడగలేదు. బాలింతల స్నానానికి ఇస్తన్నాను. దీంట్లో ఇంకెవరికీ సంబంధం లేదు. నన్ను ఏమైనా చెయ్యండి, ఆ నీళ్లు మాత్రం ప్లానులోంచి తీసెయ్యకండి.

దీదీకి తెలుగు రాదు. మా ఆయన రైలు యార్డులో డ్యూటీలో ఉన్నారు. అందుకని పెదమావయ్య నన్నే తీసుకెళ్లారు. పాపను ఎత్తుకుని, కాగితం చూస్తూ, నాకొచ్చిన ముక్కల హిందీలో ఒక్కో మాటా చెప్పాను. ఆయన నా పక్కన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి, నేను ఎక్కడైనా మెత్తగా చెబితే సరిదిద్దారు. "గల్తీ కాదమ్మీ, అబద్దం. ఝూట్ అను. ఝూట్ బోలా."

ఆఫీసరు ముఖం గట్టిపడింది. దీదీ ఒకటే అడిగింది. "రోజుకు ఎన్ని బకెట్లు?"

"లెక్కెట్టలేదు దీదీ. వచ్చినోల్లకి ఇచ్చినాను."

మర్నాడు ఐదు గంటలకు దీదీ శాలువా కప్పుకుని వచ్చింది. నేనూ వెళ్లాను. సంచి తీసేసి ఉంది. మీటరు వైపు వెళ్లబోతున్న దీదీని చూసి ఒక అవ్వ, వరస తప్పిస్తోందనుకుని, "ఏయ్, లైన్ మే ఆవో!" అని గదిమింది. దీదీ నిజంగానే వెళ్లి చివర నిలబడింది. తన వంతు వచ్చాక బకెట్టులో చెయ్యి ముంచి చటుక్కున తీసింది. పెదమావయ్య అప్పుడు నవ్వారు. "సెయ్యి పెట్టి సూసినావు. ఇంక ప్లాను బాగానే గీత్తావు" అని తెలుగులోనే అన్నారు. ఆవిడకు అర్థమయిందో లేదో. మిగిలిన రోజులన్నీ వచ్చి బకెట్లు లెక్కపెట్టింది. లీకు అని రాసినచోట కొట్టేసి ఇంకో మాట రాసి మాకు చదివి వినిపించింది. ప్రసూతి వార్డు, ఉదయం స్నానపు నీళ్లు. పెదమావయ్య ఇంకోసారి చదివించుకున్నారు.

ఆయన్ని ఎవరూ తిట్టలేదు. ఆ ఏడాది కాగితం మళ్లీ రాయలేదు, అంతే. ఆఖరి రోజున టిఫిన్ డబ్బా, తువ్వాలు పట్టుకుని వచ్చేశారు. నా నోటి వల్లే ఆ పని పోయిందని నాకు చాలా కాలం ముద్ద దిగేది కాదు. ఒకరోజు ధైర్యం చేసి చెప్పాను.

"నీ వల్లేటి?" అన్నారు. "ఆ అబద్దం గొంతులో ఉండగా నాకు కూడు దిగుతాదేటి? నువ్వు వీపు మీద సరిసినావు, బయటికొచ్చింది."

తర్వాత కూడా నాలుగింటికే మెలకువ వచ్చేసేది ఆయనకు. లేచి ఇంటిల్లిపాదికీ నీళ్లు కాచేవారు. వేసవిలో కూడా. "బాయిలర్ మనింటికే వచ్చీసింది" అని మా అత్త గొణిగేది. కానీ ఆ నీళ్లే పోసుకునేది. ప్లాను పైవాళ్లు ఒప్పుకున్నారని, కట్టడానికి డబ్బు రావాలని దీదీ ఫోనులో చెప్పింది. ఈయన ఉండగా ఆ యంత్రం రాలేదు. అప్పుడప్పుడు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "సూడు, నువ్వు పెద్దయ్యేసరికి బొగ్గుండదు, నీల్లుంటాయి" అనేవారు.

మంగళవారం మధ్యాహ్నం ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. చలిగాలి. ఆఖరి స్నానానికి కుళాయి నీళ్లు పట్టారు. ఇంతలో సందు మొదట్లో ఒక టోటో, బ్యాటరీ రిక్షా, ఆగింది. వార్డులో పనిచేసే ఆయా దిగింది, ఆవిడతో పిల్లను భుజాన వేసుకున్న ఒక పడుచు దిగింది. ఆమె ఎవరో మాకు తెలియదు. మధ్యలో ఒక బకెట్టు, పైన బోర్లించిన కంచం. కంచం అంచుల్లోంచి ఆవిరి వస్తోంది. బాయిలర్ గది వెనక ఆయన పెట్టిన కుళాయి నీళ్లే. చుట్టూ మగవాళ్లే ఉన్నారు. మా ఆయన బకెట్టు అందుకుని చెంబు ముంచబోయారు. "ఆగండి" అన్నాను. అందరూ నా వైపు చూశారు. గాజులు పైకి తోసుకుని మోచేతి దాకా ముంచాను. సరిగ్గా ఉన్నాయి. "పొయ్యండి" అన్నాను.

అచ్చు వేసేవారికి ఒక్క మనవి. పని అయ్యాక నా చేతిరాత కాగితాలు ఎవరికీ చూపించకండి, కాల్చేయండి. ఊరికే కాల్చకండి. ఎవరింట్లోనైనా స్నానానికి నీళ్లు పెట్టిన పొయ్యిలో వేయండి. కాగాక, పోసే ముందు ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.