సక్కుబాయి మిగిల్చిన బియ్యం

పొద్దున్నే బడి గేటు దగ్గర నిలబడడం సక్కుబాయి అలవాటు. చేతిలో ఒక సత్తుగిన్నె, కొంగులో చింతగింజలు. వచ్చిన ప్రతి పిల్లకూ ఒక గింజ ఇచ్చి, "ఇయ్యాల ఇక్కడనే తింటవా బిడ్డా?" అని అడిగేది. తింటానన్నవాళ్ళు గింజను గిన్నెలో వేసేవాళ్ళు. అది పడినప్పుడల్లా ఆమె "పాండురంగ" అనుకునేది. ప్రార్థన అయ్యాక గిన్నె పట్టుకొని వంటగదికి పోయి, గింజకు ఒక పిడికెడు చొప్పున బియ్యం తీసేది. ఆఖరున తన కోసం ఒక గింజ వేసుకునేది.

"అవ్వా, నేను రెండు ఏస్త. రెండుసార్లు తింట," అన్నాడు ఒకనాడు ఒక పిల్లవాడు.

"ఒక్కటే ఏయి. ఇంకా ఆకలైతే నాది నువ్వే తిను."

ఆ మధ్యాహ్నం ఆమె నీళ్ళు తాగి గిన్నెలు తోముకోవడం చూశాను. మా ఇల్లు బడి గోడకు ఆనుకొనే ఉంది.

మాది బీదర్ జిల్లాలో మన్నళ్ళికి ఇవతల చిన్న ఊరు. ఇళ్ళల్లో తెలుగు, బడిలో కన్నడ. నేనూ ఆ బడిలోనే చదువుకున్నాను. బిసియూట, అంటే మధ్యాహ్నం బడిలో పెట్టే భోజనం, మొదలైన నాటినుంచి సక్కుబాయిదే వంట. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. బడిపిల్లలందరికీ ఆమె అవ్వే.

ఆమె చేతిలో ఏదీ వృథాగా పోయేది కాదు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు, కూరగాయల తొక్కలు మా వీధి ఖండప్ప బర్రెకు. పప్పు సగం ఉడకగానే గ్యాస్ ఆపి, గిన్నెను పాత గొంగడిలో చుట్టి, జొన్నచొప్ప నింపిన గంపలో పెట్టేది. ఆ వేడికే తక్కిన పప్పంతా మెత్తబడేది. పిల్లలు లేని గదిలో పంకా తిరుగుతుంటే తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి బంద్ చేసేది.

"కుర్చీలకు ఉక్కపోస్తున్నదా సార్?" అని పెద్దసారు బాబురావును అడిగేది. ఆయన నవ్వేవాడు. మంచి మనిషి. ఆమెకు జ్వరమొచ్చిన రోజు తానే గరిటె పట్టి పిల్లలకు వడ్డించాడు.

ఏటేటా గిన్నెలో గింజలు తగ్గుతూ వచ్చాయి. బీదర్‌నుంచి ప్రైవేటు బడి పచ్చబస్సు వచ్చి, ఫీజు కట్టగలిగినవాళ్ళ పిల్లలను ఎక్కించుకొని పోయేది. తక్కువ పిల్లలున్న బళ్ళను మూసి పక్క ఊరి బడిలో కలుపుతారని ఊళ్ళో మాట పుట్టింది. సక్కుబాయి బాబురావునే అడిగింది.

"ఎందుకు మూస్తరు సార్?"

"ఖర్చు సక్కుబాయీ. ఇంతమందికి ఇంత ఖర్చా అంటరు."

ఆ ఒక్క మాట ఆమె గట్టిగా పట్టుకుంది. ఖర్చు తగ్గితే బడి నిలుస్తుందనుకుంది. ఆ రోజునుంచి ఇంకా పొదుపు. నెల తిరిగేసరికి కొంత బియ్యం మిగిలేది. దానిని సంచుల్లో కట్టి సామాను గదిలో పేర్చేది. గ్యాస్ బండ ఒకటి సీలు తీయకుండా ఉండిపోయింది.

"ఇంత ఎందుకు మిగిలిస్తున్నవు? కొంచెం ఎక్కువ వండరాదా?" అన్నాడు బాబురావు రెండుమూడు సార్లు.

"పారేసుడు పాపం సార్," అనేది ఆమె.

పచ్చబస్సెక్కి పోయిన పిల్లల పేర్లు కూడా ఆయన హాజరులో ఉంచుతున్నాడని, ఆ లెక్కకే బియ్యం వస్తున్నాయని ఆమెకు తెలియదు. బడి నిలవాలనే ఆయన ఆ పని చేశాడు. ఆ సంగతి ఆమెతో చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

బడి తనిఖీకి అధికారి వచ్చే రోజు సక్కుబాయి సామాను గది అలికి ముగ్గు పెట్టింది. సంచులకు పసుపు బొట్లు, గ్యాస్ బండ మీద ఒక బంతిపువ్వు. అధికారి పిల్లలతోపాటు నేలమీద కూర్చొని, మెతుకు వదలకుండా తిన్నాడు. ఆయనకు మన మాట వచ్చు. చేయి కడుక్కోగానే ఆమే పిలిచింది.

"సాబ్, జర ఇటు రాండ్రి. ఇదంత మిగిలిచ్చిన. మా బడికి ఖర్చే లేదు."

ఆయన సంచులను చూశాడు. తరువాత బాబురావును చూశాడు.

"హాజరుల ఉన్నోళ్ళంత తింటే ఇంత ఎట్ల మిగిలిందమ్మా?"

"వచ్చినోళ్ళకే వండుత సాబ్. గింజ లెక్క," అని ఆమె పరుగున పోయి గిన్నె తెచ్చింది. ఆనాటి గింజలు గిన్నె అడుగైనా నిండలేదు. అధికారి వాటిని వేలితో కదుపుతూ లెక్కపెట్టాడు. బాబురావు గోడకేసి చూస్తున్నాడు.

"నీ పని నువ్వు మంచిగనే చేసినవమ్మా," అని చెప్పి ఆయన జీపెక్కాడు. ఆమె సంతోషపడింది. ఆ సాయంత్రం పాండురంగడి పటం ముందు బెల్లం పెట్టి, మా ఇంటికీ ఒక ముక్క పంపింది.

ఎండాకాలం సెలవుల్లో ఉత్తర్వు వచ్చింది. మా బడిని మన్నళ్ళి బడిలో కలిపారు. బాబురావు మీద విచారణ పెట్టారు. ఆయన ఆమెను తిట్టలేదు. మాట్లాడడం మానేశాడు, అంతే. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. ఆమె మిగిల్చిన సంచులను టెంపోలో వేసుకొని పోయారు. ఉన్న కొద్దిమంది పిల్లల్లో కొందరు మన్నళ్ళికి నడిచిపోతున్నారు. ఇద్దరు ఆడపిల్లలు మేకల వెంట పోతున్నారు.

"సక్కుబాయక్కా, బడినే మిగిలిస్తివి గద. ఇగ నా బర్రెకు తొక్కలు ఏడికెళ్ళి తెస్తవు?" అని ఖండప్ప నలుగురిలో అన్నాడు. అయినా మరునాడు పొద్దున ఆమె గడపలో చెంబెడు పాలు పెట్టింది అతడే.

బడికి తాళం వేసిన మధ్యాహ్నం ఊళ్ళో కరెంటు లేదు. ఎవరూ మీటలు చూడలేదు. సందేళ కరెంటు వచ్చాక లోపల బల్బు వెలిగింది. తెల్లవారినా వెలుగుతూనే ఉంది. కిటికీ రెక్కల సందులోంచి ఎండలో వెలవెలబోతూ కనబడేది.

హుమ్నాబాద్ రోడ్డు మీద ఒక ధాబాలో గిన్నెలు తోమే పని దొరికిందని, సంచి భుజాన వేసుకొని సక్కుబాయి మా గుమ్మంలోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, బాబురావు సార్ నీతోని మాట్లాడ్తడు గద."

"మాట్లాడ్తడు."

"నేను అడిగిన్నని చెప్పకు. ఒక్కసారి తాళంచెవి ఇప్పించుకొని లోపలికి పో. లైటు కాలుతనే ఉన్నది. జర బంద్ చేసి రా."