వెదురు పూసిన ఏడు

మా మేనత్త దేముడమ్మకు దేవుడి మీద ఎంత భక్తో నాకు తెలీదు గానీ, పెరట్లోని వెదురు పొదను ఎవరైనా ఒక్క మాటంటే మాత్రం ఊరుకునేది కాదు. నేను నరసన్నపేటలో సిమెంటూ ఇనుమూ అమ్మే కొట్లో పనిచేస్తాను. పొద్దున్నే బండి తీసి, వసారాలో ఉన్న ఆవిడ ముందు ఆగి, "అత్తా, ఓ లారీ ఇటుక దింపించీమంటావా?" అని అడగడం నా అలవాటు. "నీ ఇటుకలు నువ్వే తినరా నాగబాబూ" అనడం ఆవిడ అలవాటు.

ఇటుక మాట ఊరికే రాలేదు. కిందటి తుపానుకి ఆవిడ పెంకుటింటి కప్పు సగం లేచిపోయి, పడమటి గోడ కూలిపోయింది. మావ పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. అప్పట్నుంచీ పక్కనే మా వసారాలో మంచం వేసుకుని పడుకునేది. కొత్త ఇల్లు కట్టుకుంటే తన పొదలోని వెదురుతోనే కట్టుకుంటానని పట్టుపట్టింది. ఆ పొద ఆవిడ అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు, ఆమదాలవలస దగ్గరి పుట్టింటి నుంచి ఒక దుంప తెచ్చి నాటింది. మా వీధిలో బిడ్డ పుడితే పడుకోబెట్టే చేట దగ్గర్నుంచి ధాన్యం గాదె, నిచ్చెన, దడి, ఎడ్లను తోలే ముల్లుకర్ర దాకా అన్నీ అందులోవే. మావను మోసుకెళ్ళిన పాడె బొంగులు కూడా అందులోవే. అందుకే ఆవిడ దానిని చెట్టూ చేమల లెక్కలో వేయదు, ఇంట్లో మనిషి లెక్కలోనే వేస్తుంది.

అలాంటి పొద పోయిన పుష్యమాసంలో పూతకొచ్చింది. పూతంటే కళ్ళకు అందంగా ఉంటుందనుకోకండి. ఆకులన్నీ రాలిపోయి, ప్రతి కణుపు దగ్గరా ఎండిన వరి వెన్నుల్లాంటి గుత్తులు వేలాడాయి. ఊళ్ళో ఎవరూ అంతకుముందు చూసిన పాపాన పోలేదు. వీధి చివరి లక్ష్మణమ్మవ్వ ఒక్కతే కర్ర పట్టుకుని వచ్చి, చూసి, ముఖం మాడ్చుకుంది.

"ఒసే దేముడమ్మా, ఎదురు పూసిందంటే కరువొస్తాదే. మాయమ్మ సెప్పీది. ఒక్కసారి పూసి సచ్చిపోద్ది అది. నరికి కాల్సీ."

ఆ సాయంత్రమే ఆమదాలవలస వైపు నుంచి అత్తకు ఫోను వచ్చింది. అత్తగారి పుట్టింటివాళ్ళు. వాళ్ళ దొడ్లోని పాత పొద కూడా అదే వారంలో పూసిందట. ఆ తల్లి నుంచి విడదీసి తెచ్చిన దుంప ఇది. నాటిన మనిషి పోయింది, మోసుకొచ్చిన బండి పోయింది, మధ్యలో ఓ నది, ఓ జీవితకాలం. ఒకరి కబురు ఒకరికి చేరవేసినవాళ్ళు లేరు. అయినా తల్లీబిడ్డలు ఒకే వేళకు పూశాయి. ఫోను పెట్టేశాక అత్త వెళ్ళి పొద మొదట్లో కూర్చుంది.

ఇల్లు కట్టే దేవేంద్ర మర్నాడు వచ్చాడు. వెదురు పనిలో చేయి తిరిగినవాడు, మాటలో నాన్చుడు లేనివాడు, అత్తను అక్క వరసతో పిలుస్తాడు.

"అప్పా, ఇప్పుడే కొట్టీయాల. గింజ రాలీదాకా ఉంచితే బొంగు పెళుసెక్కిపోద్ది. అప్పుడు నీకు ఇల్లూ ఉండదు, ఏటీ ఉండదు."

"కడుపుతో ఉన్నదాన్ని నరుకుతావేట్రా?" అంది అత్త. "కననీ. గింజ రాలినాక నరుకుదువు గాని. దాని పిల్లలు ఈ మట్టిలో లేసినప్పుడు నాను సూడాల. అంతే."

ఉన్న ఒక్క ఇంటి ఆశనూ అలా గింజల కోసం పణం పెట్టేసింది. మొండిది అని మా నాన్న ఊరికే అనేవాడు కాదు.

వైశాఖం వచ్చేసరికి గింజలు రాలాయి. రాలడం కాదు, కురిశాయి. గాలి వీచినప్పుడల్లా పొద కింద చిటపటమని చప్పుడు. ఎలకలు వచ్చాయి, నెమళ్ళు వచ్చాయి. అత్త నెత్తిన తడిగుడ్డ వేసుకుని, రేకుడబ్బా వాయిస్తూ పగలంతా కాపలా కాసింది. ఒక్క చేటెడు గింజలు మాత్రం తీసి, దంచి, చెరిగి, పరవాన్నం వండి వీధంతా పంచింది. లక్ష్మణమ్మవ్వ కరువు సంగతి మరిచిపోయి రెండోసారి పెట్టించుకుంది.

అప్పుడు నరికారు. వెలుపలి బొంగులు కొన్ని నిజంగానే చిట్లిపోయి దడికి తప్ప పనికిరాలేదు. లోపలివి నరుకుతుంటే మాత్రం కత్తి ఖంగుమంది. మామూలుగా కొట్టిన వెదురును చెరువులో నానేయాలి. లేకపోతే అందులోని తీపికి పురుగు పడుతుంది. దేవేంద్ర ఒక పేడు చీల్చి నమిలి చూసి, ఉమ్మేసి, అత్త వైపు తిరిగాడు.

"తీపి నేదప్పా. ఒంట్లో ఉన్నదంతా గింజలకి ఎట్టీసింది. దీన్ని పురుగు ముట్టదు."

అంత పొదా తనకంటూ ఏమీ ఉంచుకోకుండా పోయిందన్నమాట. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను సిమెంటు కొట్టువాణ్ణి, నాకేమీ పట్టనట్టు ఫోను చూసుకున్నాను.

రాతి దిమ్మెల మీద బొంగులు నిలబెట్టారు. మేకులు కొట్టలేదు, వెదురు చీలలూ తాళ్ళతోనే బిగించారు. గోడలకు తడికలు అల్లారు. కప్పు వేసిన వారమే మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. మా కొట్టు రేకుల బోర్డు ఊడి రోడ్డు మీద పడింది. నేను బండి మీద ఇంటికి పరిగెత్తుకొచ్చేసరికి అత్త ఇల్లు గాలికి ఒదిగి, మళ్ళీ నిటారుగా లేచి, మళ్ళీ ఒదుగుతోంది. కిర్రుమనడమే తప్ప ఒక్క కట్టు వదల్లేదు. అత్త లోపలే ఉంది, బయటకు రమ్మని అరిస్తే, "నువ్వే నోపలికి రారా, తడిసిపోతావు" అంది. వెళ్ళి కూర్చున్నాను. ఇల్లు ఊగుతుంటే మొదట భయమేసింది, తర్వాత వెయ్యలేదు.

ఆ తర్వాత తడికలకు మట్టి మెత్తారు. మెత్తే మట్టిలో వరిపొట్టు కలపడం మా వాడుక. పరవాన్నానికి చెరిగిన వెదురు పొట్టు పారబోయడానికి చేతులు రాక, పడమటి గోడ మట్టిలో అత్త దాన్నే కలిపించింది. శ్రావణంలో గృహప్రవేశం అనుకున్నాం. ఈలోగా కంటి ఆపరేషనుకని ఆవిడ శ్రీకాకుళం వెళ్ళి, అక్కడే చుట్టాలింట్లో కొన్నాళ్ళు ఉండిపోయింది. వెళ్ళేటప్పటికి పొద మొదట్లో ఒక్క మొలకా లేదు.

ఆవిడ లేనప్పుడు వానలు పడ్డాయి. మా ఆవిడ ఈశ్వరి కలుపు తీతలో దిట్ట. గట్టు మీద నిలబడి చూస్తే చాలు, వరిలో దాక్కున్న ఊదర ఆమెకు కనిపించేస్తుంది. వెదురు ఎలా వస్తుందో మాకందరికీ తెలుసు. నేలలోంచి ఎద్దుకొమ్ములా లావుగా పొడుచుకొస్తుంది. గింజ నుంచి ఎలా వస్తుందో చూసినవాళ్ళు మాలో లేరు. పొద మొదట్లో గడ్డి దట్టంగా లేచేసరికి, కొమ్ములు వచ్చే చోట కలుపెందుకని, అత్త సంతోషిస్తుందని, ఈశ్వరి ఇంకో ఇద్దరిని పిలిచి ఒక్క పూటలో నేలంతా అద్దంలా శుభ్రం చేసేసింది. పీకిందంతా గేదెలకు వేసింది.

అత్త నల్ల కళ్ళద్దాలతో ఆటో దిగి, ఇంట్లోకి కూడా వెళ్ళకుండా నేరుగా పొద మొదటికి నడిచింది. వంగి అరచేత్తో నేల తడిమింది. పక్కన జారిపడి వాడిపోయిన గడ్డిమొక్క ఒకటి తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. దాని వేరుకు వెదురు గింజ పెంకు ఇంకా అంటుకునే ఉంది.

"ఇదేటే ఈశ్వరీ?"

ఈశ్వరి చూసింది. ఆమె ముఖంలో రక్తం లేదు. "గడ్డి అనుకున్నానత్తా" అని అక్కడే కూలబడి ఏడ్చింది. "నాకు తెల్దత్తా, దేవుడి మీదొట్టు, తెల్దు."

అత్త తిట్టలేదు. తిడితే బాగుండునని నాకనిపించింది. "గడ్డిలాగే ఉన్నాదే. నానైనా పీకీద్దును" అని, ఆ మొక్కను అలాగే చేతిలో పట్టుకుని వసారాలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్ని వానలు పడ్డా ఆ నేలలో ఒక్కటీ లేవలేదు. ఫోను చేసి అడిగితే, ఆమదాలవలస వాళ్ళు పూతకే భయపడి అప్పుడే నరికి కాల్చేశామన్నారు. అత్త అన్నం సరిగా తినేది కాదు. ఈశ్వరి ఆవిడ ఎదుటికి రావడం మానేసింది. కొత్త ఇల్లు కొత్తగానే ఉండిపోయింది, గృహప్రవేశం మాట ఎవరూ ఎత్తలేదు.

ఒకనాడు పడమటి నుంచి రోజంతా ఏటవాలు జల్లు కొట్టింది. చూరు కిందికంతా చొచ్చి గోడను నానబెట్టేసింది. అలాంటి జల్లే మరో రెండు మూడు రోజులు పట్టి, తర్వాత తెరిపిచ్చింది. ఆ వారంలో ఓ పొద్దున్న అత్త గొంతు వీధంతా వినపడింది.

"ఒరే నాగబాబూ! రారా! దాన్నీ తీసుకురా!"

ఈశ్వరిని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. అత్త పడమటి గోడ ముందు నిలబడి ఉంది. నా ఛాతీ ఎత్తున, తడి మట్టిలోంచి, సూదుల్లాంటి పచ్చటి మొలకలు. ఒకటి కాదు, అక్కడొకటీ ఇక్కడొకటీ, గోడ పొడుగునా. దంపుడుకు దొరక్కుండా పొట్టులో మిగిలిపోయిన గింజలు. చచ్చిన తల్లి ఎముకల మీద మెత్తిన మట్టిలోంచి దాని పిల్లలు లేచాయి. నాకు తెలీకుండానే చేతులు జోడించాను. సిమెంటు గోడకు ఏనాడూ దణ్ణం పెట్టినవాణ్ణి కాదు.

అత్త కొడవలి తెచ్చి, దాని మొనతో, ఒక్క మొలకా నలక్కుండా, కొత్త గోడను పెచ్చులు పెచ్చులుగా తవ్వడం మొదలుపెట్టింది. "గోడ పాడైపోద్దత్తా" అన్నాను. "మల్లీ మెత్తుకుందుం" అంది, వెనక్కి తిరక్కుండానే.

మొదటి మట్టిపెళ్ళ ఊడొచ్చింది. దాన్ని రెండు చేతులతో తెచ్చి ఈశ్వరి ముందు పట్టుకుంది. ఈశ్వరి చేతులు వెనక్కి దాచుకుంది.

"నాను ముట్టనత్తా. నా సెయ్యి మంచిది కాదు."

"పట్టవే. ఇది గడ్డి కాదని ఈ ఊర్లో నీకన్నా బాగా తెలిసినదెవుతి? నానెల్లకాలం ఉండను. దీన్ని సూసుకోవాల్సింది నువ్వే."

ఈశ్వరి దోసిలి పట్టింది. పొద మొదటి దాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ కాస్త మట్టిని నేలకు దించి, పక్కనే లేచిన గడ్డిపరకను పీకబోయి, ఆగి, వంగి దగ్గరగా చూసింది.