వరస కలిపిన అత్త

మా అత్త పోయింది. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, మలేసియాలో మా ఊరు బంటింగ్‌లో, అన్నం తిని చెయ్యి కడుక్కుని, కాస్త నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. అమ్మ ఫోన్ చేసేసరికి ఇక్కడ ఇటలీలో ఇంకా ఉదయం. ఆఫీసుకు బయల్దేరుతూ ఇంటి తాళం వెతుక్కుంటున్నాను. "అత్త ఎల్లిపోనాదే" అంది అమ్మ. ఎక్కడికి అని అడిగాను. మరి నేనేం చేయను, ఆవిడ ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి వెళ్తూనే ఉండేది. క్లాంగ్‌కి బస్సెక్కేది, గుడికి వెళ్ళేది, పిలిచినా పిలవకపోయినా ఎవరింటి పెళ్ళికో వెళ్ళి వంటవాళ్ళ మీద కేకలేసేది. అమ్మ ఏడవడం మొదలుపెట్టాక గానీ నాకు తలకెక్కలేదు.

అత్త అంటే మేనత్త, మా నాన్నకు అక్క. ఇద్దరూ సుంగై సుమున్ దగ్గర ఎస్టేటు కూలీల లైన్ ఇళ్ళలో పుట్టారు. మా ముత్తాతల్ని ఉత్తరాంధ్ర నుంచి ఓడలో తెచ్చి దింపిన చోటు అదే. అత్త పెళ్ళి చేసుకుని బంటింగ్ వచ్చింది, తరవాత నాన్నను కూడా అక్కడికే లాక్కొచ్చింది. మావయ్య తొందరగా పోయాడు. ఒక్కగానొక్క కొడుకుని పెంచడానికి అత్త బడిలో కాంటీన్ నడిపింది. నేను చదివింది కూడా ఆ బడే. కాబట్టి నా చిన్నతనమంతా ఆవిడ గొంతు కిందే గడిచింది. ఇంటర్‌వెల్ గంట కొట్టగానే "వరసలో నిల్సోండి! తోసుకున్నోడికి మీ గోరెంగ్ నేదు!" అని అరిచేది. మీ గోరెంగ్ అంటే అక్కడి నూడుల్స్ వేపుడు. ఆ అరుపుకి హెడ్మాస్టరు కూడా ఒకసారి వరసలో నిలబడ్డాడని మా బడిలో చెప్పుకునేవాళ్ళు.

కానీ ఎవరైనా ఏడుపు మొహంతో వస్తే మాత్రం వరసా గిరసా లేదు. చీటీలో మార్కులు తగ్గినవాడు, ఇంట్లో దెబ్బలు తిన్నవాడు, చైనీసో మలాయో తమిళమో చూసేది కాదు, చెయ్యి పట్టుకుని లోపలికి లాగి కూర్చోబెట్టేది. "ముందు తిను, తరవాత ఏడు" అనేది. తిన్నాక ఎవరికీ పెద్దగా ఏడుపు మిగిలేది కాదు. ఆ సంగతి తెలిసే ఆవిడ "తరవాత ఏడు" అనేదని నా నమ్మకం.

నాన్న పోయిన ఏడాది నేను ఇక్కడే జెనోవాలో ఉన్నాను, ఓడల నిర్మాణం చదువుతూ. నాన్న కర్మలకి వెళ్ళి, తిరిగొచ్చి, చదువు మీద మనసు నిలవక గదిలో పడి ఉండేదాన్ని. ఫోనులో నా గొంతు విని అమ్మ బెంబేలెత్తిపోయింది. ఇంటికొచ్చెయ్యమంది. నేను రానన్నాను, అది కూడా గట్టిగా అనలేకపోయాను. అప్పుడు అమ్మ అత్తను పట్టుకుంది.

"నువ్వే ఎల్లి ఎంటబెట్టుకుని రా వొదినా. నీకు మాత్రం ఎవులున్నారు? తమ్ముడు పోనాడు. రేపు మంచికీ సెడ్డకీ నీ పుట్టింటి తరఫున నిలబడేది అదొక్కత్తే కదా."

ఇందులో అబద్ధమేమీ లేదు. ఇద్దరే తోబుట్టువులు, ఒకరు పోయారు, పోయినవాడికి నేనొక్కదాన్నే సంతానం. అత్తకి పుట్టిల్లు అంటే ఇక నేనే. నన్ను వెనక్కి తీసుకొస్తే ఆవిడ పుట్టిల్లు నాలుగు వీధుల అవతల ఉంటుంది. లేకపోతే సముద్రాల అవతల.

అత్త వచ్చింది. ఎయిర్‌పోర్టులోనే చెప్పేసింది. "మీ అమ్మ నిన్ను తెమ్మన్నాది. నేను సూసి, తేవాలో వద్దో అప్పుడు సెప్తాను." మాట చివర "అంతే లా" అని తగిలించింది. మలేసియాలో పుట్టినవాళ్ళకి ఆ "లా" పడకపోతే మాటకి మూతపెట్టినట్టుండదు. ఇక దాని మీద వాదన లేదు.

ఆ శని ఆదివారాలు నా స్నేహితులతో సముద్రపు ఒడ్డు వెంట తిరగాలని ముందే అనుకున్నాం. కొండల అంచున గూళ్ళలా రంగురంగుల ఇళ్ళున్న చిన్న చిన్న ఊళ్ళు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సొరంగాల్లోంచి రైలు. నేను మానేస్తానంటే అత్త ఒప్పుకోలేదు. "యేల మానడం? నేనూ వత్తాను. సముద్రం మీకేనేటి?"

స్నేహితులు ముగ్గురు. మలేసియాలో తెలుక్ ఇంటాన్ నుంచి వచ్చిన చైనీస్ కుర్రాడు జున్, క్లాంగ్ నుంచి వచ్చిన ఫరా, మా క్లాసులోని ఇటాలియన్ కుర్రాడు మార్కో. స్టేషనులో అత్తను ఏమని పిలవాలని అడిగారు. మా దేశంలో అయితే పెద్దవాళ్ళందరూ ఆంటీలే, కానీ కాంటీన్ వదిలేశాక అత్తకి ఆ పిలుపంటే విసుగు. "నేను అత్తా అంటాను, మీరూ అదే అనండి" అన్నాను. ముగ్గురూ అన్నారు. మార్కో అయితే "అత్తా" అని ఒత్తు ఎక్కడ పడాలో అక్కడ పెట్టి, చివర దీర్ఘం తీసి, బంటింగ్‌లో నా ఈడు తెలుగు పిల్లలెవరూ అననంత చక్కగా అన్నాడు. అత్త కళ్ళు చిన్నవి చేసుకుని వాళ్ళను చూసింది.

రైలు ఎక్కాక నన్ను కిటికీ పక్కకి లాగింది.

"ఈ పిల్లలకి నన్ను అత్తా అనమని ఎవులు నేర్పినారు?"

"నేనే."

"వరస సూసుకోవద్దా?"

నాకు వరస అంటే కాంటీన్‌లో నిలబడే క్యూ ఒక్కటే తెలుసు. "టికెట్ల దగ్గర వరసలోనే నిలబడ్డాం కదత్తా, ఎవరినీ తొయ్యలేదు" అన్నాను.

అత్త ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. ఆ తరవాత నవ్విన నవ్వుకి బోగీలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన పేపరు దించాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తమిళం, మలాయి, ఇంగ్లీషు కలిపి తెలుగు మాట్లాడే తరం మాది. ఇంట్లో అర్థం చేసుకోవడమే గానీ నోరు తెరిస్తే సగం వేరే భాషే. ఈ ముక్కలు ఈ మాత్రం తెలుగులో రాయగలుగుతున్నానంటే, ఆ రోజు రైల్లో పడ్డ సిగ్గు కొంత, తరవాత ఫోనులో ఆవిడ పెట్టిన పోరు కొంత.

కళ్ళు తుడుచుకుని చెప్పింది. "వరసంటే సుట్టరికం లా, పిచ్చిదానా. నువ్వు నన్ను అత్తా అంటావు. ఆడూ అత్తా అంటాడు. అంటే ఆడు నీకేటవుతాడు?"

"ఏమవుతాడు?"

"పిల్లనిచ్చిన అత్తనందామంటే నాకు కూతుర్లు నేరు. ఇంకేటి మిగిలినాది? మా తమ్ముడి కొడుకు. నీకు అన్నో తమ్ముడో. ఆ పిల్ల నీకు సెల్లెలు." వేళ్ళు ముడుస్తూ చెప్తున్నదల్లా ఆగింది. "మా తమ్ముడికి నువ్వొక్కత్తివే అనుకున్నాను" అంది, మెల్లగా.

వేళాకోళానికి అన్నదనుకున్నాను. కాదు. రైలు దిగినప్పటి నుంచి ఆవిడ నిజంగానే మేనత్త అయిపోయింది. సంచీ తీసి జున్ భుజానికి తగిలించింది. "మేనల్లుడివి, ఈ మాత్రం మొయ్యవా?" ఫరాకు తల సరిగ్గా దువ్వుకోలేదని చివాట్లు పెట్టింది, అదీ మలాయిలో, బజారు చివరిదాకా వినబడేలా. మార్కో రొట్టె ఒక్కటే తింటున్నాడని చూసి సంచీలోంచి సాంబల్ సీసా తీసి, ఆ కారం వాడి రొట్టె మీద తన చేత్తో పూసింది. వాడు ముక్కూ కళ్ళూ ఎర్రబడి, అయినా తినేసి, "ఇంకొంచెం, అత్తా" అన్నాడు. ఆ పూటతో వాడు ఆవిడకి కన్నకొడుకు కంటే ఎక్కువైపోయాడు.

ఒక ఊళ్ళో చేపల కొట్టు ముందు ఆగిపోయింది. ఉప్పులో ఊరేసిన చిన్న చేపలు పళ్ళెం నిండా. "ఓలమ్మా, నెత్తళ్ళు! ఈళ్ళూ నెత్తళ్ళే తింటారేటే!" అని అరిచి, కొట్టువాణ్ణి పిలిచి, వాడికి నెత్తళ్ళు ఎలా వేయించాలో తెలుగులోనే పాఠం చెప్పింది. వాడు ఇటాలియన్‌లో జవాబు చెప్పాడు. ఇద్దరూ చేతులతో మాట్లాడేవాళ్ళే. చివరికి వాడు ఒక చేపను ఊరికే తినిపించి పంపాడు.

ఇంత సరదాలోనూ ఆవిడ నన్ను ఓ కంట కనిపెడుతూనే ఉందని నాకు తెలుసు. ఏం తేల్చావని అడిగితే, "తొందరేటి" అనేది. తిరుగు ప్రయాణం నా చదువు కోసమో, నా సామాను సర్దుకోవడం కోసమో తెలియక కొండలెక్కుతూ దిగుతూ గడిపాను.

ఆదివారం మధ్యాహ్నం స్టేషనుకి వస్తే రైళ్ళు లేవు. సమ్మె. బల్లల మీదా మెట్ల మీదా జనం. రేవులో ఒక పడవ ఉంది, పెద్ద ఊరికి చేరిస్తే అక్కడి నుంచి బస్సు దొరుకుతుంది. పడవ నిండిపోయిందన్నాడు దాని మనిషి. మార్కోకి సొంత దేశం, సొంత భాష, అయినా వాడికి మొహమాటం, నోరు పెగల్లేదు. జున్ నా వైపు చూశాడు. అత్త గట్టు మీద కూర్చుని మోకాలు ఒత్తుకుంటోంది.

నాకెక్కడి నుంచి వచ్చిందో ఆ కోపం. తిన్నగా పడవమనిషి దగ్గరికి వెళ్ళాను. మా అత్త పెద్దావిడ, మోకాళ్ళు నొప్పులు, భూమికి ఆ చివర నుంచి మీ సముద్రం చూడ్డానికొచ్చింది, ఈ ఎండలో ఎక్కడ కూర్చోబెట్టమంటావు, ఆ వెనక తాళ్ళ చుట్టలు పక్కకి జరిపితే ఐదుగురికి చోటు ఉండదా, ఈ పడవ ఎంత బరువు మోస్తుందో నాకు తెలుసు, చదువుతున్నది అదే. అంతా ఇటాలియన్‌లో, రెండు చేతులూ ఊపుతూ. నాన్న పోయాక అంత గొంతుతో మాట్లాడటం అదే మొదలు. పడవమనిషి నన్నూ తాళ్ళనూ మార్చి మార్చి చూసి, నవ్వేసి, తాళ్ళు జరిపాడు.

పడవ కదిలాక అత్త ఫోన్ తీసి అమ్మకు కలిపింది. మా అందరి ముందే, ఇంజను చప్పుడు మీంచి అరుస్తూ.

"ఓలమ్మీ! పిల్లని తేవడం నేదు. దీనికి ఈ ఊళ్ళో నోరు లేచినాది. అక్కడికి తెచ్చి మళ్ళీ మూయించనా?"

అమ్మ ఏదో అంది. "నా సంగతి నాకు తెలీదేటి? నాకు పుట్టింటోళ్ళు సానామంది ఉన్నారు. మా తమ్ముడి పిల్లలు. నలుగురు. ఒకడు సైనావోడు."

ఇటు మాకు కూడా వినబడేలా అమ్మ అడిగింది. "ఎండదెబ్బ తగిలినాదా వొదినా?"

నేను అప్పుడు ఏడ్చాను. బాగా ఏడ్చాను. అత్త నా వైపు చూసి, సంచీలో చెయ్యి పెట్టి, మిగిలిన రొట్టె ముక్క తీసి నా చేతిలో పెట్టింది. ఆ రొట్టె తింటూనే నాకు తెలిసింది, ఆవిడ తనకున్న ఒక్క పుట్టింటి మనిషినీ ఇక్కడ వదిలేసి ఒంటరిగా విమానం ఎక్కబోతోందని. తెలిసే ఆ పని చేస్తోందని.

ఆ తరవాత చదువు పూర్తిచేశాను. ఇప్పుడు ఇదే ఊళ్ళో ఓడల నమూనాలు గీసే ఉద్యోగం. మార్కో దీపావళికి అత్తకి ఫోన్ చేసేవాడు. ఫరా తన పెళ్ళిలో ఆవిడను ముందు వరసలో కూర్చోబెట్టింది. జున్ తెలుక్ ఇంటాన్ తిరిగి వెళ్ళి వాళ్ళ నాన్న హార్డ్‌వేర్ కొట్టు చూసుకుంటున్నాడు. క్లాంగ్‌లో పనిపడితే బంటింగ్ దాకా వెళ్ళి అత్త చేతి నెత్తళ్ళ వేపుడు తిని వచ్చేవాడు. వాడికి ఇప్పటికీ తెలుగులో వచ్చింది ఒకటే మాట.

పోయిన నెల అమ్మ ఫోన్ పెట్టేశాక లెక్క చూసుకున్నాను. మరునాడు మధ్యాహ్నానికి దహనం. నేను ఏ విమానం ఎక్కినా అందుకోలేను. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి, అది పడకుండా లేవదీయరు. జున్‌కి ఫోన్ చేశాను. చెప్పడం పూర్తి కాకముందే, "చీర ఏ రంగు?" అని అడిగాడు.

మరునాడు పొద్దున్నే నా వంటింట్లో కూర్చుని అమ్మ ఫోనులోంచి చూశాను. రాలేకపోయినందుకు దిగులుగా ఉంది, చాలా ఉంది. కానీ నా చోటు ఖాళీగా ఉంటుందన్న భయం మాత్రం లేదు. కర్మ చేయించే పెద్దాయన గుమ్మం వైపు తిరిగి, "పుట్టింటోళ్ళు ఎవులు? రావాల లా" అన్నాడు. జనంలోంచి జున్ లేచాడు, చేతిలో ఆకుపచ్చ చీర. పెద్దాయన వాణ్ణి కిందా మీదా చూశాడు.

"నువ్వు ఏటి వరస బాబూ?"

జున్‌కి ప్రశ్న అర్థమైందో లేదో తెలియదు. తనకు వచ్చిన ఒక్క మాటనూ మలాయిలో కలిపి చెప్పాడు.

"అత్త సాయా." నా అత్త అని.

పెద్దాయన కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "మేనల్లుడు వచ్చినాడు. తోవియ్యండి."

జున్ మోకాళ్ళ మీద కూర్చుని చీర మడతలు విప్పి, అత్త భుజాల మీంచి పాదాల దాకా కప్పాడు. ఫాన్ గాలికి చెంగు లేస్తుంటే, దాన్ని అరచేత్తో నొక్కి పట్టుకుని, వాళ్ళు లేవమనేదాకా అక్కడే కూర్చున్నాడు.