గంప కింద అడుగు

రెండేళ్ల కిందటి మాట. రామకుప్పం వైపు రాగులు నూర్చి, మూటలు ఇళ్లకు చేరుస్తున్న రోజులు. మదనపల్లెలో ఇళ్ల ఇన్సూరెన్సు ఏజెంటును నేను. పుంగనూరు మొదలుకొని కుప్పం దాకా నా పాలసీలు ఉన్నాయి. బస్సులెక్కీ దిగీ మోకాళ్లు అరిగిపోయాయి. జనానికి రెన్యువల్ ఏడాదికోసారి వచ్చే తలనొప్పి. నాకు రోజూ ఉండేదే.

ఎవరింటికి వెళ్లినా మొదటి ప్రశ్న ప్రీమియం ఎట్లా తగ్గుతుందని. అందులో దాచేదేముంది? ఇల్లు కాలినా కూలినా స్థలం ఎక్కడికీ పోదు కాబట్టి, స్థలం ధర కలిపి రాయించొద్దంటాను. మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకు రాయిస్తే చాలు. ఇంట్లో లేని నగలకు కవరెందుకు? ఇక క్లెయిం సంగతి. ప్రతి క్లెయింలో కొంత మనమే భరించాలి, దాన్ని ఎక్సెస్ అంటారు. అది పోగా చేతికొచ్చేదెంత, క్లెయిం లేనందుకు రెన్యువల్‌లో ఇచ్చే డిస్కౌంటెంత, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. రెండు పెంకులు పగిలినదానికి క్లెయిం పెట్టి డిస్కౌంటు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఈ మాటలు చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోయింది.

రామకుప్పం దగ్గర పల్లెలో వెంకటప్ప అనే రైతు, బ్యాంకు లోనుతో ఇల్లు కట్టినప్పుడు నా దగ్గర పాలసీ తీసుకున్నాడు. లోను తీరాక ఇంక ఇది యాల అన్నాడు. స్థలం ధర తీసేసి, ప్రీమియం బాగా తగ్గించి చూపిస్తే సణుక్కుంటూనే కట్టాడు. ఆ ఏడే ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"రేత్రి ఏనుగు వొచ్చి వంటింటి గోడ తోసేసింది మేడం. రాగులు తినేసి పోయింది. క్లెయిం పెట్టల్లా, వద్దా?"

హాలుకు సున్నం కొట్టిస్తున్నారట. అందుకని కొత్త రాగుల మూటలన్నీ వంటింటి గోడకు ఆనించి పేర్చారట. ఆ రాగుల వాసనకు ఏనుగు వచ్చింది. రాగులకు మన పాలసీలో డబ్బు రాదు, గోడకు వస్తుంది, డిస్కౌంటు పోతే పోనీ, ఇది పెంకుల లెక్క కాదు, పెట్టు అన్నాను. సర్వేయరు, అంటే నష్టం చూసి రిపోర్టు రాసే మనిషి, వచ్చేదాకా ఒక్క ఇటుక కదిలించొద్దని, ఫోటోలు తీయించమని గట్టిగా చెప్పాను.

తొందర గోడ గురించి మాత్రమే కాదు. వాళ్ల కూతురు శోభకు నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు పుట్టింట్లోనే కావాలని తల్లి రాజమ్మ పట్టుదల. కుప్పం ఆస్పత్రి కూడా అక్కడికి దగ్గర. ఏనుగు ఒకసారి తిండి దొరికిన చోటికి మళ్లీ వస్తుంది. గోడ లేని ఇంటికి నిండు చూలాలిని పంపేది లేదని అల్లుడివాళ్లు తెగేసి చెప్పారు. క్లెయిం రాకపోతే గోడా లేవదు, పిల్లా రాదు.

మరునాడు పుంగనూరులో సర్వేయరు బాషా నేనున్న బస్సే ఎక్కాడు. ఇద్దరం వెళ్లి చూస్తే నాకు తల బాదుకోవాలనిపించింది. కూలిన ఇటుకలన్నీ పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. వంటిల్లు పేడతో అలికి ముగ్గు పెట్టి ఉంది. గోడ ఉండాల్సిన చోట కొబ్బరిచిప్పలు, పసుపు కుంకుమ. ఫోటో ఒక్కటీ లేదు.

"నేను సెప్తే వినేదా మేడం?" అన్నాడు వెంకటప్ప, పెళ్లాం వైపు చూడకుండా.

"వినాయకసామి కాలు పెట్టిన సోటు గలీజుగా పెట్టుకుంటామా అక్కా?" అంది రాజమ్మ. ఇంటి వెనకాల బోర్లించిన గంప పక్కన చతికిలబడి కూర్చుంది.

బాషా మంచివాడే, కానీ చూసిందే రాస్తాడు. మిగిలిన గోడను తట్టి, అడుగున చెమ్మ చారలు చూపించాడు. పాతబడి కూలినా ఇట్లే ఉంటుందన్నాడు. పాతబడి కూలితే పాలసీలో పైసా రాదు. చుట్టూ ఉన్న జాడలన్నీ, చూడవచ్చిన ఊరి జనం కాళ్లకింద నలిగిపోయాయి. ఊరందరి నోటిమాట రిపోర్టులో నిలవదన్నాడు. నాకు ఏడుపొకటే తక్కువ. ఇంత దూరం వచ్చి ఉత్తచేతులతో పోవాలా?

అప్పుడు గంప మీద బంతిపూలు కనిపించాయి. దాని కింద ఏముందని రాజమ్మను అడిగాను. సామి అడుగు, ఎవరూ తొక్కకుండా కప్పిపెట్టాను అంది. బాషా ఒక్క అడుగు ముందుకేశాడు. రాజమ్మ గంప మీద చెయ్యి వేసింది.

"ఫోటో తీస్తే కంప్లయింటు అయితాది గదా అక్కా. ఫారెస్టోళ్లు వొచ్చి దాన్ని కట్టేసుకోని పోతారు. నా గోడ కోసరం ఆ తల్లి మింద కేసు పెడతానా?"

తల్లేమిటని అడిగితే గంప పక్కకు తీసింది. తడి మన్నులో చేటంత అడుగు. దాని లోపలే, ఒక పక్కకు, గిన్నె అదిమినట్టు ఇంకో చిన్న అడుగు.

"పిల్లతో వొచ్చిండాది" అంది. "ఆకలై వొచ్చింటాది. మా శోభ కడుపుతో ఉండాది. ఇట్లాంటప్పుడు ఇంగో బిడ్డతల్లికి సెరుపు సేస్తే మాకు మంచిదేనా?"

నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను, నిలబడే ఓపిక కూడా లేదు. క్లెయిం అంటే కేసు కాదని, కంపెనీ ఎవరినీ పట్టుకోదని, గోడ ఎందుకు కూలిందో మాత్రమే అడుగుతుందని చెప్పాను. ఆమె నమ్మలేదు.

"రాజమ్మా, నువ్వు నోరు మూసుకుంటే ఈయన ఏం రాస్తాడో తెలుసా? గోడ దానంతటదే కూలిందని రాస్తాడు. సామి నీ ఇంటికి రానేలేదని రాసినట్టు. అది నీకు సమ్మతమేనా?"

ఆమె బాషా కాళ్ల వైపు చూసి, "సెప్పులు ఇడిసిపెట్టి తీసుకోప్పా" అంది. అతను బూట్లు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, టేపు పక్కన పెట్టి ఫోటోలు తీశాడు. సొంత జంతువు చేసిన నష్టానికి కవరు లేదు కాబట్టి, రూలు ప్రకారం ఏనుగు మీది కాదు కదా అని అడిగాడు. "మా సామే" అంది రాజమ్మ. ఆ మాట రాయొద్దని నేను అడ్డం పడాల్సి వచ్చింది.

క్లెయిం వచ్చింది. గోడ లేచింది. శోభ పుట్టింటికి వచ్చింది, కుప్పంలో ఆడపిల్లను కన్నది.

ఈ క్లెయిం నేర్పింది ఒకటే. క్లెయిం పెట్టాలా వద్దా అన్నది ఎక్సెస్, డిస్కౌంటు లెక్కలతోనే తేలదు. ఎదుటి మనిషి దేనికి భయపడుతోందో ముందు అడగాలి. ఇప్పుడు పాలసీ చేతికిచ్చేటప్పుడు మొదట చెప్పే మాట, క్లెయిం ఎవరి మీదా కేసు కాదని. ఇన్ని మాటల్లో ఇదొకటి. చెప్పక తప్పదు.

మరుసటి ఏడు రెన్యువల్‌కు వెళ్లాను. ఆ పొద్దున రామకుప్పంలో బస్సు దిగి, ముందు ఫారెస్టు వాచర్‌ను వెతుక్కుంటూ పోయాను. ఎండలో ఎందుకొచ్చిన తిరుగుడని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తర్వాత వెంకటప్ప ఇంటికి చేరితే, రాగుల మూటలు ఈసారి హాల్లో ఉన్నాయి, వంటింట్లో ఉయ్యాల. డిస్కౌంటు పోయిందని వెంకటప్ప గొణిగాడు. రాజమ్మ ఆ ఊసెత్తలేదు. మనవరాలిని ఊపుతూ, నేను అనుకున్నదే అడిగింది.

"ఆ తల్లినీ పిల్లనీ ఎవురూ పట్టుకోలేదు గదా అక్కా?"

"లేదు. అడిగే వచ్చాను. అడవిలోనే తిరుగుతున్నాయంట, పిల్ల ఎదిగిందంట."

ఆమె ఉయ్యాల ఆపి మొగుడి వైపు తిరిగింది.

"అట్లయితే ఇంగో ఏడాదికి కట్టు."