గడ్డికట్టల మగ్గం సాల

గడ్డితో ఇల్లు కట్టానంటే ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. నవ్వనివ్వండి, వాళ్ల నోరు వాళ్లిష్టం. కట్టిన చేతులు నావి. ఆడపడుచు కానుపుకి గది కట్టాను. పంతులుగారు అడిగితే బడిపిల్లలకి సాల కట్టించాను. మేకల దొడ్డి కట్టాను, ధాన్యం కొట్టూ కట్టాను. అన్నిటికీ మొదలు మా మగ్గం సాల. అందులో నేనొక వెర్రిపని చేశాను, అదీ దాచకుండా చెప్తాను.

యుద్ధం రోజులవి. నూలుకి కంట్రోలు వచ్చింది. మగ్గం ఆడుతున్న ఇంటికే నూలు కార్డు అన్నారు. సరిగ్గా అప్పుడే గాలివాన కొట్టి మా సాల గోడలు కూలిపోయాయి. మగ్గం కర్రలు మాత్రం లాక్కొచ్చి వసారాలో పడేశాం. వాన వెలిసిందో లేదో ఊళ్లో దండోరా. పదిరోజుల్లో గుమాస్తా వస్తాడట, మగ్గాలు లెక్క రాసుకుంటాడట. నాలుగు గోడలు, పైన కప్పు, లోపల ఆడే మగ్గం కంటికి కనపడాలి. లేదంటే కార్డు లేదు. అది లేకపోతే మా ఆయన సొంత మగ్గం వదిలేసి పరాయివాళ్ల సాలలో కూలికి కూర్చోవాలి. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోయేది.

మట్టిగోడ ఒక వరస ఆరితేగాని రెండో వరస పెట్టడానికి లేదు. ఆ ముసురులో నెల పట్టినా లేవదు. అప్పుడు మా అన్నయ్య గుర్తొచ్చాడు. బెజవాడ స్టేషను దగ్గర గడ్డి ప్రెస్సులో పని వాడిది. మిలిటరీ గుర్రాల మేతకని వరిగడ్డిని పెట్టెలో కూరి, మరతో నొక్కి, ఇనపతీగతో బిగించి కట్టలు చేసేవారు. "నలుగురెక్కి గెంతినా అణగదే చెల్లీ" అని ఒకసారి గొప్పలు పోయాడు. అంత గట్టిదైతే ఇటుకలా ఎందుకు పేర్చకూడదు? కబురు పెట్టాను. కొలత తప్పాయని మిలిటరీవాళ్లు తోసేసిన కట్టలు అడిగి తీసుకుని, బందరు కాలవలో పడవ మీద మూడోనాటికి పంపించాడు. బంగారం లాంటి అన్నయ్య!

రేవులో దిగిన గడ్డిని చూసి మా అత్తగారు నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏమే, నీ బుద్ధి గానీ గడ్డి తిందా? గడ్డి గొడ్డుకి గాని మనుషులకా? చచ్చినా అందులో అడుగు పెట్టను."

నలభై ఏళ్లు ఆ ఇంటి మగ్గానికి రాట్నం మీద నూలు కండెలు చుట్టిన మనిషి ఆవిడ. మూడేళ్ల కిందట పోగు కనపడ్డం లేదని రాట్నం మూల పెట్టేసింది. అప్పట్నుంచీ ఏం చేసినా తప్పే, ఏం చెయ్యకపోయినా తప్పే.

"పెట్టకండి అత్తయ్యా. మీ గేదె కోసం కట్టాననుకోండి" అన్నాను. నోరు జారి అన్నానుగానీ అదే నిజమైంది.

మోకాలెత్తు మట్టి దిమ్మ వేసి, దాని మీద కట్టలు పేర్చాం. కింది రెండు కట్టల అతుకు మీద పై కట్ట వచ్చేలా పెట్టి, కదలకుండా వెదురు బద్దలు నిలువునా దిగ్గొట్టాం. పైన తాటాకు కప్పు. మా ఆయన గుంట తవ్వి మగ్గం దించారు. లోపల ఎంత చల్లగా ఉండేదనుకున్నారు! వడగాలి రోజుల్లోనూ పోగు తెగదని అప్పుడే చెప్పేశాను. చీకటిగా ఉందని ఆయన గొణిగారు. "కార్డు రానివ్వండి, కిటికీ సంగతి తర్వాత" అన్నాను.

ఇక పూత. మట్టి, పేడ, ఊక అందరూ కలిపేవే. నేను నేతవాళ్ల పిల్లని కదా, గంజి పెడితే పడుగు పోగులు గట్టిపడ్డం పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదాన్ని. పోగుకి పట్టిన గంజి గోడకి పట్టదా? పడుగుకి పెట్టగా మిగిలిన పులిసిన గంజి ఇంటింటా అడిగి తెచ్చి, కుండలకి కుండలు మట్టిలో కలిపాను. పూత ఎక్కడా బీట తియ్యలేదు. వీధిలో నా నడకే మారిపోయింది.

గుమాస్తా వచ్చే రోజు పొద్దున్నే కాలవకెళ్లి బిందెతో వచ్చేసరికి మా గేదె పలుపు తెంపుకుని సాల వెనక నిలబడి ఉంది. పుల్లటి గంజి వాసన పట్టి పూతంతా నాకేసింది. తీగ ఊడిన కట్టని పీకి పీకి తినేసింది. కొమ్ముల దాకా తల లోపలే ఉంది. గుమాస్తా అప్పటికి మూడిళ్ల అవతల ఉన్నాడు. నేను బిందె అక్కడే దించేసి కూలబడి ఏడ్చాను. గడ్డికి గంజి కలిపితే అది కుడితి కాక గోడవుతుందా! పశువుకి తెలిసింది నాకు తెలియలేదు.

మా ఆయన గేదెని లాగుతుంటే గుమాస్తా గుమ్మంలోకి వచ్చేశాడు. ఆయన పరుగున వచ్చి మగ్గం గుంటలో దిగారు. నేను కళ్లు తుడుచుకుని లోపలికెళ్లాను. వెళ్లి చూస్తే ఏముంది, ఆ కన్నం ముందు పీట వేసుకుని, రాట్నం పెట్టుకుని మా అత్తగారు కూర్చుని ఉంది!

"ఇదేమిటండీ, గోడకి ఇంత కన్నం?" అన్నాడు గుమాస్తా.

"కన్నమేమిటి బాబూ, కిటికీ! కండెలు చుట్టేదాన్ని, ఈ ముసలి కళ్లకి వెలుతురు అక్కర్లేదూ?" అంటూనే, మళ్లీ లోపలికి తోసుకొస్తున్న గేదె మూతిని మోచేత్తో వెనక్కి నెట్టింది.

గుమాస్తా గోడని పెన్సిలుతో పొడిచి చూశాడు. మా ఆయన పడుగు పోగుల మధ్యలోంచి నాడె విసిరారు. మగ్గం టకటకలాడింది. కాగితం మీద మా ఇంటి పేరు పడింది. హమ్మయ్య!

అతను వీధి దాటగానే నేను చంకనిండా గడ్డి తెచ్చి కన్నం పూడ్చబోయాను. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుంది.

"మూశావంటే మర్యాదగా ఉండదు చెప్తున్నా."

"కార్డు వచ్చేసింది కదండీ అత్తయ్యా."

ఆవిడ కండె పైకెత్తి ఆ వెలుతురులో పట్టి చూసింది. సన్నటి పోగు, ఎక్కడా తెగలేదు.

"కళ్లు పోయాయనుకున్నానే. మూడేళ్లు ఆ చీకటి కొంపలో కూర్చుని, నా కళ్లే పోయాయనుకున్నాను."

నేను గడ్డి గేదెకి వేసేసి, నూలు చిలపలు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాను.